పిలిస్తే వచ్చే గుర్రం

నా చిన్నప్పుడు మా తాతయ్య గుర్రాలు కొని అమ్మేవాడు. పూర్ణా మార్కెట్ వెనక సందులో మా ఇల్లు, పెరట్లోనే గుర్రాల పాక. జట్కాలకి పొట్టి తట్టు గుర్రాలు, పెళ్ళి ఊరేగింపులకి చెవులు మెలి తిరిగిన కాఠియావాడీ గుర్రాలు, పందేలకి పనికిరాక మద్రాసు నుంచి లారీల్లో దిగే పొడుగాటి గుర్రాలు, అన్నీ అక్కడే చేతులు మారేవి. స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి. ఊళ్ళో ఆటోలు పెరిగి జట్కాలు తగ్గిపోతున్నాయి. బేరం తప్పిన రోజు తాతయ్య ఎదుట పడటానికి ఇంట్లో అందరికీ భయమే.

ఆ పందెం గుర్రాల్లో ఎర్రటిది ఒకటి నాకు బాగా మాలిమి అయింది. బడి నుంచి వచ్చి "రా రా" అంటే చాలు, చెవులు నిక్కించి వచ్చేసేది. నేను కబుర్లు చెబుతూ ఎటు నడిస్తే అటు నడిచేది. అంత పెద్ద గుర్రానికి నేనంటే అంత ప్రేమ అని వీధంతా చెప్పుకుని తిరిగేదాన్ని.

ఒక ఆదివారం తగరపువలస నుంచి ఒక జట్కా ఆయన వచ్చాడు. ఎర్ర గుర్రం పళ్ళు చూశాడు, గిట్టలెత్తి చూశాడు, కళ్ళలోకీ చూశాడు. అవి నల్లగా, తేటగా ఉన్నాయి. తాతయ్య నన్ను పిలిచి తల నిమిరాడు.

"ఓలమ్మీ, నువ్వు ముందు నడు. ఆపకుండా ఏదోటి సెప్తానే ఉండు."

పెరట్లో రాళ్ళూ గుంతలూ తప్పించుకుంటూ నడిచాను. గుర్రం నా అడుగులో అడుగు వేసింది. మేకపిల్లలా ఎల్తందని ఆయన మురిసిపోయాడు. దాన్ని తోలుకుపోతుంటే గుమ్మంలో కూర్చుని ఏడ్చాను.

సాయంత్రానికి ఆయన ఒక్కడే తిరిగొచ్చాడు. ఒంటినిండా మట్టి, మోచేతి దగ్గర రక్తం. మద్దిలపాలెం దగ్గర లారీ హారన్‌కి బెదిరి గుర్రం రోడ్డు పక్క గోతిలో పడిపోయిందట.

"బాబూ, దానికి కళ్ళు కానరావు," అన్నాడు. గొంతు కూడా పెంచలేదు.

తాతయ్య వక్క నములుతూ, "నీ కళ్ళేటైపోనాయి? సూసుకునే కదా కొన్నావు," అన్నాడు.

నేను ఊరుకోలేక, దానికి కళ్ళు కనిపిస్తాయి, పిలిస్తే వస్తుంది కదా అన్నాను. తాతయ్య పగలబడి నవ్వాడు.

"నీ మీద పేమనుకున్నావేటే? గుడ్డిది అది. నీ గొంతట్టుకుని నడిసింది."

జట్కా ఆయన నా వైపు తిరిగాడు. "పాపా, ఎవులు పిలిసినా లెగట్లేదు. నువ్వోసారి వచ్చి పిలు తల్లీ."

"ఎల్లవే," అన్నాడు తాతయ్య. "యాపారమంటే ఏటో నీకూ తెలుస్తాది."

రిక్షాలో వెళ్ళాం. గోతిలో గుర్రం పక్కకి ఒరిగి పడుంది. గట్టు మీద నిలబడి రోజూలాగే "రా రా" అన్నాను. చెవులు నిక్కాయి. లేచింది. అప్పుడు కనిపించింది నాకు, ముందుకాలు మోకాలి కింద విరిగి వేలాడుతోంది. ఆ కాలి మీదే నా వైపు ఒక అడుగు వేయబోయి కూలబడింది. నేను గట్టిగా ఏడ్చాను. ఆ ఏడుపూ నా గొంతే కదా, అది విని మళ్ళీ లేవబోయింది. జట్కా ఆయన పరుగెత్తుకొచ్చి నా నోరు మూశాడు.

"ఊరుకో తల్లీ. నువ్వూరుకుంటేనే అది పడుకుంటాది."

ఆయన అరచెయ్యి కింద నా ఏడుపు దిగమింగుకున్నాను. గుర్రం కాసేపు చెవులు అటూ ఇటూ తిప్పి వెతికింది. తర్వాత మెల్లిగా తల నేలకి ఆన్చేసింది. ఆయన నన్ను రిక్షా ఎక్కించి, తను గోతిలోకి దిగి దాని మెడ పక్కన కూర్చున్నాడు.

ఇంటికొచ్చేసరికి తాతయ్య అన్నం తింటున్నాడు. లెగిసిందా అని అడిగాడు. రేపు కొత్త గుర్రం దిగుతుందని, దాన్నీ మాలిమి చెయ్యమని చెప్పి మజ్జిగ పోయించుకున్నాడు. ఆ పాకలోకి నేను మళ్ళీ అడుగు పెట్టలేదు.

ఇన్నేళ్ళయినా ఎవరినీ దూరం నుంచి పిలవలేను. మనవడు పక్క గదిలో ఉన్నా లేచి వెళ్ళి, భుజం మీద చెయ్యి వేసి చెబుతాను. మోకాళ్ళ నొప్పులతో ఎందుకత్తయ్యా, ఒక్క కేక వేస్తే వాడే వస్తాడు కదా అంటుంది మా కోడలు. వస్తాడని నాకూ తెలుసు.