ప్రాణహితలో బదులు పలికిన గొంతు

1871లో కార్తీకం వెళ్లగానే నన్ను సిరొంచ కలప డిపోకు దరోగాగా వేశారు. అడవిలో కొట్టిన టేకుకు ముద్ర వేయించి, ప్రాణహిత మీద తెప్పలుగా డిపోకు చేర్పించడం దరోగా పని. పైన ఇంగ్లీషు దొర, కింద కూలి జనం, మధ్యలో నేను. మా తాతగారి కాలంలో దరోగాలు మా జమీందారీ గడి వాకిట్లో నిలబడి మాట్లాడేవారు. గడి పోయింది. ఆ విషయం ఇంతకు మించి ఇక్కడ అనవసరం.

నా మొదటి ప్రయాణం నాగేపల్లి వైపు అడవుల కలపతో. పచ్చి టేకు నీళ్లలో మునుగుతుంది కనుక దుంగలకు రెండు పక్కలా వెదురు మోపులు కట్టి తేలేటట్టు చేస్తారు. మావి మూడు తెప్పలు. ముందు తెప్ప మీద రాజం. సిరొంచ బెస్తవాడు, నదిలో ప్రతి బండా ఎరిగినవాడు. చివరి తెప్ప మీద దస్రు, అతని గోండు మనుషులు. చెట్లు కొట్టింది వాళ్లే. తెప్ప నడిపే గెడకర్ర పట్టడం నేర్చారు గానీ వాళ్లలో ఎవరికీ ఈత రాదు. మధ్య తెప్ప మీద నేను, గెడ వేసే పోశం.

తెప్పల నడకకు ఒక కట్టడి ఉంది. ముందు తెప్ప బండను చూసి ఎటు తిరగాలో కేక వేస్తుంది. మధ్య తెప్ప ఆ కేకను వెనక్కి అందిస్తుంది. చివరి తెప్ప విన్నామన్న గుర్తుగా "ఇన్నం!" అని బదులు పలుకుతుంది. ఆ బదులు వినిపిస్తేనే రాజం ముందుకు కదులుతాడు, లేకపోతే ఒడ్డు పట్టాలి. కేకలు గెడవాళ్ల పని. దరోగా గొంతెత్తే రివాజు లేదు, నేనూ ఎత్తలేదు.

రేవులోనే తగాదా వచ్చింది. దుంగలు నీళ్లలో కదిలే ముందు దస్రు ఆకు డొప్పలో ఇప్పసారా పోసి, తెప్ప కొసన పెట్టి, చెట్టును సెలవడుగుతున్నాడు. రాజం నవ్వాడు.

"ఏంది పటేలా, కట్టెకు గూడ తాపుతున్నవా? నీళ్లల్లకొచ్చినంక అది గంగమ్మ సొమ్ము. జల్ది గానీ."

అంటూనే పగ్గం లాగడానికి అటు అడుగు వేశాడు. డొప్ప కాలికి తగిలి ఒరిగింది.

దస్రు వంగి ఒరిగిన డొప్పను చేతిలోకి తీసుకున్నాడు. "అడుగుతుంటె నడుమల తన్నినవ్. అది ఇంక సెలవియ్యలే. ఇగ నీతోని మాట లేదు," అన్నాడు.

"లేకుంటె మానె. నాకేం పిల్లనిస్తవా?" అన్నాడు రాజం.

దస్రు అన్నట్టే ఆ రోజంతా చివరి తెప్ప నుంచి బదులు రాలేదు. రాజం పదే పదే ఒడ్డు పట్టాల్సి వచ్చింది. ఇద్దరినీ గట్టిగా మందలించాను, ఫలితం లేదు.

మర్నాడు పొద్దున నది మీద దట్టంగా మంచు పరుచుకుంది. తెప్పకు తెప్ప కనబడదు. రాజం కేక వేశాడు, పోశం అందించాడు. వెనక నుంచి "ఇన్నం!" అని స్పష్టంగా వచ్చింది. మందలింపు పనిచేసిందనుకున్నాను. మళ్లీ కేక, మళ్లీ బదులు. అలా చాలా దూరం సాఫీగా సాగాము.

ఒకచోట మంచు కాస్త వీడింది. వెనక్కి చూశాను. దస్రు గెడ పట్టుకుని నిలబడి ఉన్నాడు, పెదవులు బిగుసుకుని ఉన్నాయి. అతని మనుషులంతా మాకు వీపు పెట్టి, తమ వెనకనున్న ఖాళీ నీళ్ల వైపు చూస్తున్నారు. పోశం ఒక కేక అందించాడు. తెప్ప మీద ఎవరి నోరూ కదల్లేదు.

"ఇన్నం!" అని బదులొచ్చింది.

"దొరా, పొద్దటి సంది పలుకుతున్నది వీళ్లు గాదు," అన్నాడు పోశం మెల్లగా. మంచు మళ్లీ కమ్ముకుంది.

అప్పటికి బండల వరుస దగ్గర పడింది. నీళ్ల హోరు వినబడుతోంది. ఒడ్డు పట్టే వీలు దాటిపోయింది. ముందు నుంచి రాజం గొంతు వచ్చింది. "ఎడమకు!" పోశం నోరు తెరిచేలోగా అదే గొంతు, అదే వైపు నుంచి, "కుడికి!" అంది. రెంటిలో ఒకటి బండ మీదికి. పోశం గెడ ఎత్తి, ఎటూ దించలేక నిలబడిపోయాడు.

అప్పుడు వెనక నుంచి దస్రు అరిచాడు. రేవు దాటాక అతను నోరు విప్పడం అదే మొదలు.

"రాజం! నిన్న నీ కాలు దేన్ని తన్నిందిరా?"

హోరు మీదుగా ముందు నుంచి జవాబొచ్చింది. "డొప్పను! నీ డొప్పనే, దస్రూ! తప్పైంది నాది! ఎడమకు, ఎడమకు కొట్టుండ్రి!"

రెండో గొంతు ఏమీ అనలేదు. పోశం గెడ దించాడు. "ఇన్నం!" అన్నాడు దస్రు. మూడు తెప్పలూ ఎడమకు తిరిగాయి. నల్లటి బండ కుడి పక్కన, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా జారిపోయింది.

అది దాటాక, బండ అవతల నుంచి "ఇన్నం" అని ఇంకోసారి వినిపించింది. ఈసారి నా గొంతుతో. నేను ఆ మాట ఒక్కసారి కూడా పలికి ఉండలేదు.

ఆ మధ్యాహ్నం ఇసుక తిప్ప మీద రాజం తన చేత్తో డొప్ప కుట్టి, సారా పోసి, తెప్ప కొసన పెట్టాడు. దస్రు పక్కన కూర్చుని సెలవు అడిగాడు. డిపోలో కలప అప్పగించి రసీదు తీసుకున్నాము. ఆ గొంతు ఎవరిదో నేను విచారించలేదు, నివేదికలో రాయనూ లేదు.

ఆ తరువాత పదవి దిగేదాకా నా తెప్పల మీద ఒకటే నియమం. తగాదా ఎంతటిదైనా సరే, పిలిస్తే బదులు పలకాలి. మనిషి ఖాళీగా వదిలిన బదులును ఇంకేదో అందుకుంటుంది. దరోగాకూ ఆ నియమం వర్తించేది. ప్రతి కేకకూ మధ్య తెప్ప నుంచి నేనూ బదులు పలికేవాణ్ణి.