ఉప్పు చల్లిన ఐసు

ఆ ఏడు మా పత్తి ఎండిపోయింది. శివరాత్రి రాకముందే సగం ఊరు సుగ్గికి పోయింది. సుగ్గి అంటే మాకు గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోవడం. వాకిళ్లకు ముళ్లకంప అడ్డం పెట్టి, పిల్లల్నీ కోళ్లనూ లారీ ఎక్కించుకుని పోయారు. మేము మాత్రం ఆగాం. మా పాప పదో తరగతి. పరీక్షలకు నెల రోజులుంది. లారీ ఎక్కితే ఆ ఏటికి పరీక్ష లేనట్టే.

మా ఆయన ఒకటే మాటన్నాడు. "కుంటలో చేపలు అమ్ముడుపోతే ఈడనే ఉందాం. లేకుంటే సోమవారం లారీ ఎక్కాల్సిందే. కూలీల మేస్త్రీకి ముగ్గురం వస్తామని సెప్పినా."

కుంట ఊరిది. ఆ ఏడు అందులో చేపపిల్లల్ని వదిలి పెంచుకునే వంతు మాకు వచ్చింది. ఆదివారం తెల్లారుతూనే పట్టి, అటునుంచి అటే ఎమ్మిగనూరు తీసుకుపోదామనుకున్నాం. శుక్రవారం సాయంత్రం పక్క చేని రైతు వచ్చి, రేపు మోటరు పెట్టి, కుంటలో ఉన్న నీళ్లన్నీ తోడుకుంటానన్నాడు. ఆయన ఉల్లిమడి వాడిపోతోంది. ఆయన్ను ఏమనగలం? శనివారం పొద్దున్నే బురదలో దిగి, చేతికి దొరికినవన్నీ పట్టేశాం. జిలేబి చేపలు, బొచ్చెలు. రెండు పెద్ద గంపలు నిండాయి.

కానీ శనివారం మా వైపు చేపలు ఎవరు కొంటారు? వెంకటరమణస్వామి వారమని కొందరు, ఆంజనేయస్వామి వారమని కొందరు నీసు ముట్టరు. ఎమ్మిగనూరులో మసీదు వీధిలో తిరిగితే కొన్ని పోయాయి. మిగిలినవి ఆదివారం దాకా నిలవాలి. మా ఆయన అక్కడే ఐసు ఫ్యాక్టరీలో గడ్డ, రెండు తర్మాకోలు పెట్టెలు కొని, గడ్డను గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చి, అన్నీ దించి, ఎద్దుకు మేత వేయడానికి పోయాడు.

నేను ఐసు పగలగొట్టి, ఒక వరుస చేపలు, ఒక వరుస ఐసు వేశాను. ఎండకు అది కళ్ల ముందే నీరవుతోంది. ఈ నీళ్లలో చేపలు కుళ్లిపోతాయని గుబులు పట్టుకుంది. మామిడికాయ నిలిచేది ఉప్పుతోనే, ఎండుచేప నిలిచేది ఉప్పుతోనే. ఇంట్లోంచి కల్లుప్పు సంచి తెచ్చి వరుస వరుసకూ దోసెడేసి చల్లాను.

పాప గడప మీద కూర్చుని చదువుకుంటోంది. తలెత్తి చూసి, "ఉప్పెందుకుమా? నాయన సెప్పినాడా?" అని అడిగింది.

"ఊరగాయకు ఎయ్యమా? నీ సదువు నువ్వు సదువుకో" అన్నాను.

ఆదివారం సూర్యుడు రాకముందే ఎమ్మిగనూరు మార్కెట్లో కూర్చున్నాం. పెట్టె మూత తీసి చెయ్యి పెడితే వేళ్లు కొరికినట్టయింది. చేపలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఒకటి లాగితే దాని వెంట నాలుగు వచ్చాయి. రాతి మీద వేస్తే కట్టెల్లా టకటకమన్నాయి.

ఇంకాసేపట్లో కొనేవాళ్లు వస్తారు. మా ఆయన నా ముఖం చూశాడు. పక్కనున్న టీ హోటల్లో బిందెడు వేడినీళ్లు అడిగి తెచ్చి ఒక పెట్టెలో కుమ్మరించాను. చేపల పైతోలు ఉబ్బి, చెయ్యి తగిలిన చోటల్లా ఊడొచ్చింది. లోపల ముల్లు దగ్గర ఇంకా గట్టిగానే ఉంది. కళ్లు సున్నం పూసినట్టు తెల్లగా అయిపోయాయి.

మొదట వచ్చినాయన మొప్ప ఎత్తి చూశాడు. బొటనవేలితో నొక్కాడు. గుంట పడి, పడినట్టే ఉండిపోయింది.

"ఇవి యాడివమ్మా?"

"మా కుంటవే అన్నా. నిన్న పొద్దున పట్టినాం."

"నిన్న పట్టిన చేపకు కన్ను ఇట్లుంటాదా? ఐసు లారీల్లో యాడాడో తిరిగొచ్చిన సరుకు తెచ్చి, కుంట పేరు సెప్తాండావా?"

ఆయన వెనకున్న ముసలామె రెండో పెట్టెలోంచి ఒకటి తీసి నేలకు తట్టింది. "దీన్ని వండేదేందమ్మే, పొయ్యిలో పెడితే మండుతాది" అంది. చుట్టూ నవ్వారు. నవ్విన వాళ్లంతా పక్క గంపల దగ్గరికి పోయారు. మా కుంట నీళ్ల మీద, మా పాప మీద ఒట్టు పెట్టి చెప్పాను. ఒట్టు పెట్టేకొద్దీ జనం ఇంకా అనుమానంగా చూశారు.

మా ఎదురుగా కుల్ఫీ బండి ఆయన డ్రమ్ము నింపుకుంటున్నాడు. "ఏందక్కా, సేపల కుల్ఫీ పెట్టినావా?" అన్నాడు.

తిట్టబోయి ఆగిపోయాను. ఆయన కుల్ఫీ గొట్టాల చుట్టూ ఐసు ముక్కలు కూరి, వాటి మీద కల్లుప్పు చల్లుతున్నాడు.

"ఉప్పెందుకన్నా?"

"ఉప్పు లేకుంటే కుల్ఫీ గడ్డ కట్టేదెట్ల? ఒట్టి ఐసు సల్లగ సేస్తాది, అంతే. ఉప్పు పడితే ఇనుము సేస్తాది." నా పెట్టెల వైపు చూసి నవ్వు ఆపేశాడు. "ఉడుకునీళ్లు పోసినావా? అయ్యో. ఆ రెండో పెట్టెన్నా కొళాయి నీళ్లలో ముంచు. నిదానంగ ఇడుస్తాది."

మా ఆయన అప్పుడు కొళాయి దగ్గర బిందె కడుగుతున్నాడు. ఆ ఉప్పు మాట వినలేదు. నేనూ చెప్పలేదు.

రెండో పెట్టె చేపలు కొళాయి నీళ్లలో మెత్తబడేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. అప్పటికి అందరి ఇళ్లల్లో కూరలు ఉడుకుతున్నాయి. ఇద్దరు ముగ్గురు జాలిపడి సగం ధరకు తీసుకున్నారు. తోలు ఊడినవాటిని కుక్కలకు వేశాం.

సోమవారం లారీ వచ్చింది. నేను మేస్త్రీ ముందు నిలబడి, "పాపను ఇడిసిపెట్టప్పా, ఇద్దరి పని నేనొక్కదాన్నే సేస్తా" అన్నాను.

"నీకేమన్నా నాలుగు సేతులుండాయా? ముగ్గురని సెప్పి ఇద్దరొస్తే ఆ గుంటూరు రైతుకు నేనేం సెప్పాల?" అని ఆయన డ్రైవరు పక్కకెక్కి కూర్చున్నాడు.

లారీ కదిలినాక మా ఆయన పక్కవాళ్లతో చెబుతున్నాడు. "ఆ ఐసు ఫ్యాక్టరీవాడు ఏం కలిపి గడ్డ కట్టినాడో, మా నోట్లో మన్ను కొట్టినాడు."

పాప ఆయన పక్కనే కూర్చుంది. నా వైపు చూసింది. ఇప్పుడు ఉప్పు సంగతి చెప్పేస్తుందనుకున్నాను. చెప్పేస్తే బాగుండని కూడా అనుకున్నాను. అది ఓణీ ముఖం మీదికి లాక్కుని, తండ్రి భుజానికి ఆనుకుని కళ్లు మూసుకుంది.