ఆ సీరియల్ మీకెలా తెలుసు?

కాలంలో ముందుకూ వెనక్కూ ప్రయాణించే కథ అది. మా నాన్న చిన్నప్పటి నుంచీ బ్రిటన్‌లో నడుస్తున్న సీరియల్. నేను ఇంటర్ చదివేటప్పుడు మా అక్క ఎవరి దగ్గరి నుంచో పెన్‌డ్రైవ్‌లో తెచ్చింది. హఫీజ్‌పేట్ కిరాయి ఇంట్లో, ఇద్దరం ఒకే దుప్పట్లో దూరి చూసేవాళ్లం. వాళ్ల యాస తెలియక ఒక్కో మాటను వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ వినేవాళ్లం. ఉద్యోగంలో చేరాక లండన్ క్లయింట్లతో తడబడకుండా మాట్లాడగలిగానంటే ఆ వినికిడి వల్లే.

పోయిన ఏడాది ఆ క్లయింట్ల పెద్దాయన మాదాపూర్‌లోని మా ఆఫీసుకొచ్చాడు. భోజనాల దగ్గర, ఖాళీ దొరికితే ఏం చేస్తారని నన్నడిగాడు. ఆ సీరియల్ చూస్తానన్నాను. చెంచా పక్కన పెట్టి నవ్వాడు.

"ఇక్కడ కూడా చూస్తారా? మీకు అర్థమవుతుందా?"

నేను నోరు తెరిచేలోపే మా మేనేజర్ అందుకున్నాడు. "మీ మీద గౌరవం కొద్దీ అంటోంది సార్."

బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. దేశదేశాలకూ ఆ సీరియల్ అమ్ముకునేటప్పుడు మేం కావాలి. చూశామంటే మాత్రం వింత.

ఇంతలో ఆయన ప్రశ్నలు మొదలుపెట్టాడు. మొదట్లో హీరోగా ఎవరు నటించారు, ఫలానా గ్రహం పేరేంటి. అన్నీ తెలుసు. ఒక్కటీ చెప్పలేదు.

"పొద్దున మీరు బిర్యానీ ఇష్టమన్నారు. అందులో ఏమేం వేస్తారో చెప్పమని మేం అడగలేదు కదా," అన్నాను.

ఆయన సర్దుకుని, నిజమేనన్నాడు. అక్కడితో అయిపోయిందనుకున్నాను.

సాయంత్రం మేనేజర్ నా సీటు దగ్గరికొచ్చాడు. చేతిలో ఆ సీరియల్‌లోని పాత్ర బొమ్మ. లండన్ గుర్తుగా ఎవరికైనా ఇద్దామని ఆ పెద్దాయన తెచ్చాడట.

"రేపు చీర కట్టుకుని రండి. ఇది పట్టుకుని ఒక ఫొటో దిగాలి. వాళ్ల కంపెనీ పత్రికలో వేస్తారంట."

"చీరెందుకండీ?"

"ఇండియా అని తెలియాలి కదండీ."

దిగనన్నాను. ఇంత చిన్నదానికి ఇంత పట్టుదలేంటని గొణుక్కుంటూ వెళ్లాడు.

ఇంటికెళ్లి అక్కకు చెప్పాను. "ఫొటోనే కదనే. దిగితే ఏమైతుండె?" అంది.

"మామూలుగ చూస్తనంటే నమ్మలే అక్కా. చీర కట్టుకుంటే నమ్ముతరంట."

"అయితే మంచిగనే చేసినవ్ తియ్," అంది అక్క.

మరుసటి నెల నన్ను క్లయింట్ కాల్స్ నుంచి తప్పించారు. కారణం అడిగితే, నా మాట తీరు కొంచెం కరుకట. ఆ తర్వాత రిసెప్షన్‌లోని పెద్ద స్క్రీన్ మీద ఫొటో వచ్చింది. కొత్తగా చేరిన అమ్మాయి, పట్టుచీర, చేతిలో బొమ్మ. కింద, ఇండియాలోనూ మన అభిమానులు అని ఇంగ్లీషులో రాసుంది.

ఆ అమ్మాయే లిఫ్టులో కలిసి మెల్లగా అడిగింది. "అక్కా, ఆ సీరియల్ దేని గురించి? నేను ఒక్కసారి కూడా చూళ్లేదు. సార్ దిగమంటే దిగిన."

ఆమె మీద కోపం తెచ్చుకోలేకపోయాను. ఎక్కడి నుంచి మొదలుపెడితే బాగుంటుందో చెప్పాను. మేనేజర్‌తో మాత్రం ఇప్పటికీ పని మాట తప్ప ఇంకో మాట లేదు.