మా నాయన మగ్గం ఆగిన మూడు దినాలు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది మా వీధిలో పూలమ్మే అవ్వ. ధర్మవరంలో మా గడప ముందు బుట్ట దించి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏం పాపా, మీ నాయన మగ్గం నెలకొకతూరి మూడు దినాలు మూగబోతాదంట, ఎందుకు? మీ నాయన గూడా బయట కూర్చుంటాడా ఏంది, అని బజార్లో నవ్వుతాండారు. హిందూపురం సావుకారి గుమాస్తా చెవిలో పడింది. రేపు వస్తాడంట."

నాయన కళ్లకు పొరలు కమ్మి అప్పటికి రెండేళ్లు. వీధి తలుపు మూసి గుంతమగ్గంలో దిగి నేసేది అమ్మ. పక్కన కూర్చుని అంచు పోగు తోసే నాడె అందించేది నేను. ఆడది మగ్గం తొక్కితే పట్టు ఇవ్వనని సావుకారి కట్టడి. ఆ పట్టు ఆగితే మా ఇంట్లో పొయ్యి వెలగదు. అన్నీ దాచాము గాని, అమ్మ ముట్టయి పెరటి కొట్టంలో ఉన్నన్నాళ్లు మగ్గం చప్పుడు ఆగిపోతుందనీ, వీధికి చెవులుంటాయనీ మాకు తోచలేదు.

పెనుగొండ కచేరీలో పని చేసే మా చిన్నాయన ఆదివారాలు వచ్చి నాకు ఇంగ్లీషు చెప్పేవాడు. బడికి పోని నాకు ఆయనే బడి. ఒకసారి పలక మీద 'నామినల్లీ' అని రాసి, పేరుకు మాత్రం అని అర్థం చెప్పాడు.

"అంటే అబద్ధమా చిన్నాయనా?"

"అబద్ధం గాదు పాపా. మా కచేరీకి పెద్ద దొర. ఆయన సంతకం చేస్తాడు, పని మేము చేస్తాము. ఆయన నామినల్లీ పెద్ద. పేరొక చోట, పని ఇంకొక చోట ఉంటే ఈ మాట వాడల్ల. ఏదీ, నువ్వొకటి చెప్పు."

"మా నాయన నామినల్లీ నేతగాడు."

చిన్నాయన గబుక్కున పలక తుడిచేశాడు. "ఈ మాట గడప దాటగూడదు" అన్నాడు.

ఇప్పుడు దాటింది. పెరట్లోకి పరుగెత్తి దూరంగా నిలబడి అమ్మకు చెప్పాను. "చౌడమ్మ తల్లి ఉండాది లే" అని మా ఇలవేల్పును తలచిందే గాని, ఆమె చేతిలో ముద్ద నోటి దాకా పోలేదు. ఆ రాత్రి నిద్ర లేదు. తెల్లవారినాక వీధి తలుపుకూ పెరటి తలుపుకూ మధ్య ఎన్నిసార్లు తిరిగానో.

గుమాస్తా వచ్చాడు. "ఏమప్పా, మగ్గం నిద్రపోతాండాదే! ఒక జానెడు నేసి చూపించు, చూసి పోతా."

నాయన తడుముకుంటూ గుంతలో దిగాడు. కాళ్లకు తొక్కుడు కర్రలు దొరికాయి. నాడె చేతికి తీసుకున్నాడు. మరో చేత్తో అమ్మ నేసిన మేర తడిమి చూశాడు. ఒక్క పోగు తప్పినా అది పాడవుతుంది. నాడె పక్కన పెట్టాడు.

"నాకు కండ్లు కనపడవబ్బా. రెండేండ్లుగా నేస్తాండేది నా పెండ్లాము. నేను ఉత్త పేరుకుండా."

గుమాస్తా వంగి చీర అంచు వెలుతురుకు పట్టి చాలాసేపు చూశాడు. "ఒక్క పోగు గూడా తప్పలేదే!" అన్నాడు.

"ఆయమ్మ యాడ?"

"పెరట్లో. ఎల్లుండి గాని లోపలికి రాదు."

"అయితే ఎల్లుండే పట్టు పంపిస్తా. సావుకారికి నీ పేరే చెప్తా."

"ఆమె పేరు చెప్పబ్బా."

"చెప్తే నువ్వూ నేనూ కలిసి అడుక్కుతినల్ల!" అని నవ్వి, చెప్పులు తొడుక్కున్నాడు.

ఆయన చల్లగా ఉండాలని ఈనాటికీ మొక్కుతాను. మాకు అన్నం ఆగలేదు. అమ్మ ఇంకా చాలా ఏళ్లు నేసింది, ప్రతి చీరా నాయన పేరుతోనే హిందూపురం పోయింది. మీ ఇంటి పెట్టెలో రెండో ప్రపంచ యుద్ధం నాటి ధర్మవరం పట్టుచీర ఉంటే, ఒకసారి విప్పి అంచు మీద చెయ్యి పెట్టండి. అది ఆమెది కావచ్చు, కాకపోవచ్చు. అయినా మా అమ్మను తలుచుకోండి.