మామయ్య తీర్పు చెప్పేలోగా

మామయ్యకు పైవాళ్లెవరో కిందివాళ్లెవరో ఏనాడూ తెలిసేది కాదు. కొండపైన ఒక తెగ, కొండకింద ఒక తెగ, నడుమ మలుపులో మామయ్య కుట్టుమిషను. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ రెండు తెగల మధ్యే బతికాడు. అయినా తగవు తీర్చడానికి కూర్చున్నాడంటే చాలు, వీళ్ల మాట వాళ్లకూ, వాళ్ల తప్పు వీళ్లకూ అంటగట్టేవాడు. అందుకే అందరూ ఆయన్ని తికమక మామయ్య అనేవారు. విచిత్రమేమిటంటే, తగవొస్తే రెండు తెగలూ పరుగెత్తుకొచ్చేది ఆయన దగ్గరికే.

ఒకసారి పైవాళ్ల కుక్క కిందివాళ్ల కోడిని నోట కరుచుకుపోయింది. మామయ్య అంతా విని, గొంతు సవరించుకుని, "కోడిదే తప్పు. వెళ్లి కుక్కకు క్షమాపణ చెప్పుకోవాలి" అన్నాడు. కోడి పోయినామె ఏడుపు మధ్యలో ఫక్కున నవ్వేసింది. కుక్కగలాయన సిగ్గుతో చచ్చిపోయి తన కోళ్లలో ఒకదాన్ని తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "కోడికి కోడి ఇచ్చారు సరే, మరి కుక్క గతేం కాను?" అని మామయ్య ఇల్లు చేరేదాకా గొణుక్కుంటూనే ఉన్నాడు.

ఆయన మేనకోడలు ఆ మలుపులోని బడికే పంతులమ్మగా వచ్చి మామయ్య ఇంట్లో దిగింది. ఆమెకు మొదటిరోజు నుంచీ ఒక సంగతి మింగుడుపడలేదు. మామయ్య కుట్టిన చొక్కాలన్నీ ఒకే గుట్టగా పడుంటాయి. చీటీ ఉండదు, గుర్తు ఉండదు. మనిషి గడప తొక్కడం ఆలస్యం, మామయ్య ఆ గుట్టలోంచి అతని చొక్కానే లాగి ఇస్తాడు. "నీ కుడిచెయ్యి కాస్త పొడుగు కదా, ఆ వైపు కొంచెం వదిలాను" అని కూడా అంటాడు. ఇన్ని చొక్కాలు గుర్తున్న మనిషికి రెండు తెగలు గుర్తుండకపోవడమేమిటి? బుర్రకు లేని జ్ఞాపకం చేతులకు ఉంటుంది కాబోలని ఆమె సరిపెట్టుకుంది.

ఆ ఏడు వానల్లేక వాగు సన్నబడింది. పైతెగ వాగుకు అడ్డంగా కట్ట వేసింది. కిందితెగ మేకలు పైకెక్కి చేలు మేశాయి. ఆ తర్వాత ఎవరి కర్ర ఎవరి మీద ముందు లేచిందో ఎవరికీ తెలియదు గానీ, రెండు తెగలూ పిల్లల్ని బడి మాన్పించాయి. ఖాళీ బల్లలకు పాఠం చెప్పలేక పంతులమ్మ గుమ్మంలో నిలబడి రెండు దారులూ చూసేది. గోరుచుట్టు మీద రోకటిపోటులా పైఅధికారుల నుంచి కబురొచ్చింది: పిల్లలు రాకపోతే బడి మూసేస్తాం.

"మామయ్యా, ఈ ఒక్కసారికి తికమకపడకు. నీకు దణ్ణం పెడతాను. కట్ట వేసింది పైవాళ్లు. మేకలు కిందివాళ్లవి."

"ఆ మాత్రం తెలీదా? కట్ట వేసింది మేకలు" అన్నాడు మామయ్య సూదిలోకి దారమెక్కిస్తూ.

పంతులమ్మ తల పట్టుకుంది.

తగవు తేల్చుకోడానికి రెండు తెగలూ బడిగదిలోనే కూర్చున్నాయి. కిటికీ వైపు పైతెగ, ముందర వాళ్ల పెద్ద, మీసాల తాత. గోడ వైపు కిందితెగ, ముందర వాళ్ల పెద్ద, అందరూ పెద్దమ్మ అనే ముసలామె. కుర్రకారు కర్రలు గుమ్మం బయట పెట్టి వచ్చారు గానీ చూపులు వాటిమీదే ఉన్నాయి. మామయ్య ఎప్పటి షరతే పెట్టాడు. "ఇక్కడ ఎదుటివాళ్లని తిట్టకూడదు. ఆపుకోలేకపోతే నన్ను తిట్టండి." ఇద్దరు పెద్దలూ చెప్పిందంతా కళ్లు మూసుకుని విన్నాడు.

"అర్థమైంది. కిందివాళ్లు కట్ట కట్టారు. పైవాళ్ల మేకలు దిగొచ్చి మేసేశాయి. అంతేగా?"

"అయ్యో రామా! కట్ట కట్టింది మేమయ్యా!" అన్నాడు మీసాల తాత.

"మీరెందుకు కడతారు? వాగు ముందు మీ గుమ్మంలోకేగా వచ్చేది? మీకేం లోటు?"

తాత నోరు తెరిచేలోగా పెద్దమ్మ లేచింది. "నీ బుర్రలో ఏముందయ్యా? పైన వాగు లోతుండదు. ఈ ఎండలకి బిందె కూడా మునగదు. కట్ట కట్టకపోతే వాళ్ల పిల్లలు ఏం తాగుతారు?"

అనేశాక గాని తానేమన్నదో ఆమెకు తెలియలేదు. కిందితెగ కుర్రాళ్లు ఆమెను వింతగా చూశారు.

"ఓహో" అన్నాడు మామయ్య. "అయితే మేకల్ని కావాలనే తోలారన్నమాట."

"ఎవరయ్యా చెప్పింది నీకు?" మీసాల తాత మీసం అదిరింది. "కింద వాగెండిపోయింది. దాహానికి మేక ఆగుతుందా? నీళ్లు వెతుక్కుంటూ పైకొచ్చింది, దారిలో చేను కనబడింది, మేసింది. మేకకి గట్టు తెలుసా, తెగ తెలుసా?"

ఈసారి వింతగా చూడడం పైతెగ వంతయింది. పంతులమ్మకు ఎవరు ఎవరి తరఫున మాట్లాడుతున్నారో అంతుపట్టలేదు. కొంపదీసి మామయ్య తికమక అంటువ్యాధేమో అని భయమేసింది.

"సరే, తీర్పు చెబుతా. కిందివాళ్లు కట్ట తీసెయ్యాలి. పైవాళ్లు మేకల్ని కట్టేసుకోవాలి" అన్నాడు మామయ్య.

"కట్ట పైనుందయ్యా!" అంది పెద్దమ్మ.

"మేకలు కిందున్నాయయ్యా!" అన్నాడు తాత.

"అయితే కట్టనే కిందికి మోసుకెళ్లండి. మేకల్ని..."

"అమ్మా తల్లీ, ఈయన నోటికి హద్దులేదు" అని తాత పెద్దమ్మ వైపు తిరిగాడు. "ఈయన తీర్పు చెప్పేలోగా మనమే తేల్చుకోవడం మేలు. రోజూ పొద్దున మా బిందెలు నిండగానే కట్ట తీసేస్తాం. చాలా?"

"చాలు. చేల పక్కనుంచి కాకుండా మేకలు వేరే దారిన వాగుకొస్తాయి. కంచె మావాళ్లు వేస్తారు."

"కంపలు మావాళ్లు కొట్టి ఇస్తారు."

"మరి నా తీర్పు?" అన్నాడు మామయ్య దిగులుగా.

"నోర్మూసుకో!" అన్నాయి రెండు తెగలూ ఒక్క గొంతుతో. బహుశా అవి కలిసి పలికిన మొదటి మాట అదే.

సాయంత్రం పంతులమ్మ మామయ్యను నిలదీసింది. మామయ్య అప్పుడు ఒక చొక్కాను తిరగేసి కుడుతున్నాడు.

"నిజం చెప్పు మామయ్యా. కావాలనే చేస్తావు కదూ?"

"బట్టని తిరగేస్తేనేగా కుట్టు వేసేది" అన్నాడాయన తలెత్తకుండా. దారం తెంపి, "వాళ్లతో మాత్రం అనకే. తెలిసిందంటే చిన్నబుచ్చుకుంటారు. మావల్లే తేలిందని సంబరపడుతున్నారు" అన్నాడు.

పంతులమ్మకు ఆయన్ని చూస్తే ముద్దొచ్చింది. ఇన్నేళ్లూ ఊరంతటి చేతా తిట్లు తిన్నది ఇందుకా!

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ రవిక కోసం వచ్చి, మామయ్య లోపలికెళ్లడం చూసి పంతులమ్మ చెవిలో అంది. "ఆయన నాటకం మాకు ఎప్పట్నుంచో తెలుసమ్మా. నువ్వు మాత్రం ఆయనతో అనకు. పాపం, మేం నమ్ముతున్నామనుకుంటాడు. అయినా ఆయన తప్పు చెప్పకపోతే మేం ఒప్పు చెప్పేదెట్లా?"

ఆమె అటు వెళ్లిందో లేదో, మీసాల తాత ఇటు వచ్చి అదే మాట చెప్పాడు. "కిందివాళ్లకి మాత్రం తెలీదులే" అని కూడా కలిపాడు.

ఎవరు ఎవరి దగ్గర ఏం దాస్తున్నారో లెక్క తేల్చుకోలేక, పంతులమ్మ తల గోక్కుంటూ బడికి నడిచింది. పిల్లలు వచ్చేశారు! కానీ సగంమంది కిటికీ వైపు, సగంమంది గోడ వైపు బిగుసుకుని కూర్చున్నారు. ఆమె అటు చూసి, ఇటు చూసి, గోడ వైపు వేలు చూపించి అడిగింది.

"మీరేగా పైవాళ్లు?"

"కాదు టీచరూ!" గదంతా ఒక్క అరుపు అరిచి, ఆ వెంటనే గొల్లున నవ్వింది.

కావాలనే అడిగిందో, నిజంగానే తికమకపడిందో పంతులమ్మకే తెలియలేదు.