ఫ్రయబుల్ అనే మాట, పడమటి గుంత మట్టి

నేను ఇంజనీరింగు చదివింది ఉర్దూలో. బరువులు, ఒత్తిళ్ళు, వాలు, నీటి వేగం, ఇవన్నీ ఉర్దూ పేర్లతోనే నాకు తెలుసు. ఇంగ్లీషు ఉత్తరం రాయడానికి, కొలతల పట్టీ నింపడానికి సరిపోయేంత వచ్చు. అరుదైన విశేషణాల జోలికి పోవలసిన అవసరం పడలేదు. ఆ అవసరం ఎల్లారెడ్డి దగ్గర ఒక చెరువు కట్ట మీద వచ్చింది.

అవి 1930ల చివరి రోజులు. నాకు ఇరవై మూడేళ్ళు. ఓవర్సీరుగా అదే మొదటి పని. అంతకుముందు వానాకాలంలో ఆ కట్టకు గండి పడింది. పైన వెడల్పు నలభై రెండు అడుగులు, అడుగున పద్దెనిమిది. మృగశిర కార్తెలోగా దాన్ని పూడ్చాలి. పూడ్చకపోతే రెండో ఏడు కూడా చెరువులో నీళ్ళు నిలవవు, కింది ఊరికి వరి ఉండదు. వైశాఖం సగం గడిచింది. మట్టి గండికి రెండు వందల గజాల దూరంలోని పడమటి గుంత నుంచి వస్తోంది. అది పనికిరాదంటే తర్వాతి మంచి మట్టి రెండు మైళ్ళ అవతల ఉంది. అక్కడి నుంచి బండ్ల మీద తోలితే పుష్యమి కార్తెకు కూడా పని తెగదు.

ఆ సమయంలో కామారెడ్డి నుంచి ఇంజనీరు తనిఖీకి వచ్చారు. మితభాషి. మట్టిపని మేస్త్రీని పిలిచి గుంత మట్టి చూపించమన్నారు. నేను గండి అవతలి ఒడ్డున టేపు పట్టుకుని ఉన్నాను. చుట్టూ తిరిగి వచ్చేసరికి ఆయన మట్టి చూడడం అయిపోయింది, చేతులు దులుపుకోవడమూ అయిపోయింది. తనిఖీ పుస్తకంలో ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాసి నా చేతికిచ్చారు. పడమటి గుంత మట్టి ఫ్రయబుల్‌గా కనిపిస్తున్నది. ఓవర్సీరు పరీక్షించి అభిప్రాయం రాసేవరకు దాన్ని వాడరాదు.

"సమఝే?" అన్నారు.

"జీ సాబ్" అన్నాను. ఒక్క మాట తప్ప అంతా అర్థమైంది. ఆ ఒక్క మాట మీదనే మిగతాదంతా ఆధారపడి ఉంది. ఆయన వారంలో మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళిపోయారు.

కూలీలు తట్టలు బోర్లించారు. మేస్త్రీ భార్య, పనివాళ్ళందరికీ అవ్వ, నడుము మీద చేతులు పెట్టుకుని వచ్చింది.

"ఏంది సాబూ, పని బందు వెట్టినవు? మట్టికి జరమొచ్చిందా?"

"పెద్దసాబు ఏందో రాసిండవ్వా. దాని మతలబు జూసొస్త."

"రాసినాయన్నే అడుగకపోయినవా?"

"జీ సాబ్ అన్న గద."

"అంటివి గద! ఇగ తొక్కు సైకిలు."

తొక్కాను. లింగంపేటలో ఆగి మజ్జిగ తాగి, పొద్దు వాలేలోగా కామారెడ్డి చేరాను. స్టేషను దగ్గర నాకు తెలిసిన క్రైస్తవ ఉపాధ్యాయుడు ఒకరు ఉండేవారు. ఆయన ఇంట్లో అట్ట ఊడిన ఇంగ్లీషు నిఘంటువు ఉంది. నేను కాగితం మీద రాసుకొచ్చిన మాటను ఆయన వేలితో వెతికి పట్టుకున్నారు.

"సులువుగ పొడి అయ్యేది. గంతే."

"అంటే పెళుసు. గంతే గద సార్?"

"కాదు కాదు, పెళుసు వేరే." ఆయన లోపలికి వెళ్ళి ఒక బియ్యప్పిండి సకినం, పక్కింటివాళ్ళు రొట్టెలు నలిపి బెల్లం కలిపి పంపిన మలీద ముద్ద తెచ్చి నా ముందు పెట్టారు. "సకినం ఇరువు. టక్కున ఇరిగిందా? గది పెళుసు. ఇగ మలీదను రెండు వేళ్ళ నడుమ వట్టి మెల్లగ నలుపు. పలుకు పలుకుగ రాలుతున్నదా? గిది ఫ్రయబుల్."

"మంచి గుణమా సార్, చెడ్డ గుణమా?"

"దేనికి? నాగలి నడిగితే మంచిదంటది. చెరువు కట్ట నడిగితే వద్దంటది. డిక్షనరీల పంచాయితి తీర్పు ఉండదు."

"మరి నన్నేం రాయమంటరు?"

"ఉన్నది రాయి. ముందుగాల్ల నువ్వు నలిపి జూసినవా?"

చూడలేదు. ఆ ప్రశ్నకు సిగ్గుపడి, రుజువు నమిలేసినట్టు సకినం, మలీద రెండూ తిన్నాను.

మర్నాడు తిరుగుదారిలో ఆ మాటకు దొరికిన వస్తువునల్లా అప్పగిస్తూ వచ్చాను. ఉపాధ్యాయుడిచ్చిన సుద్దముక్క, బాగా చివికిన ఇటుక, ఎండిన పుట్టమట్టి నెగ్గాయి. గాజుపెంకు నెగ్గలేదు. చింతపండు అసలు పోటీలోనే లేదు. అర్థం తెలియడానికి అర నిమిషం పట్టింది; వాడుక తెలియడానికి ఇరవై అయిదు మైళ్ళు పట్టింది.

కట్ట చేరగానే గుంతలోకి దిగాను. అడుగున, మూడడుగుల లోతులో, చేతికి అందిన గడ్డను రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపాను. రాలలేదు. వేలిముద్ర పడింది. ఇంకా నలిపితే గోళ్ళలోకి ఎక్కి కూర్చుంది. ఈ మట్టి ఆ మాటకు సరిపోదు. మరి ఇంజనీరు ఏం చూశారు?

మేస్త్రీని అడిగాను. "పెద్దసాబుకు ఏ మట్టి జూపెట్టినవు?"

"మంచిదే జూపెట్టిన సాబూ. కిందిది బంక గద, చేతులు ఖరాబైతయని పైన ఎండినది దీసి, జల్లెడ వట్టి ఇచ్చిన."

"జల్లెడ పట్టినవా!"

"సుట్టమొస్తే రాళ్ళ బియ్యం వండుతమా?"

"ఆయన మట్టి తిననొచ్చిండా, సూడనొచ్చిండా?" అని అవ్వ మొగుడి మీద లేచింది. "మర్యాద జేసి మా పనే బందు వెట్టించిండు, మొగోడు!"

మర్యాదలో జరిగిన పొరపాటును మాటలతో కాదు, కొలతలతో సరిదిద్దాలి. గుంతలో నాలుగు చోట్ల, ఒక్కొక్క అడుగు లోతుకు ఒక్కొక్క నమూనా తీశాను. మట్టిపనివాళ్ళకు వాళ్ళ పరీక్ష ఒకటి ఉంది. తడిపిన మట్టిని పిడికిలంత ఉండ చేసి, భుజం ఎత్తు నుంచి వదులుతారు. అణగాలి, పగలకూడదు. పై అడుగు ఉండలు నాలుగూ చిట్లాయి. రెండో అడుగు నుంచి ఒక్కటీ పగలలేదు. పగలనివాటిని మళ్ళీ ఉండలు చేసి నీళ్ళ గాబులో వేసి మర్నాటి పొద్దున తీస్తే ఆకారం చెడలేదు.

అభిప్రాయం నాలుగు వాక్యాల్లో రాశాను. దానికి సగం రోజు పట్టింది. గుంతలో పై అడుగు మట్టి ఫ్రయబుల్, దాన్ని తీసివేయాలి. కిందిది కాదు, కట్టకు తగినది. ఆ మాట నా చేతిరాతలో మొదటిసారి చూసుకుని, అక్షరక్రమం మూడుసార్లు తనిఖీ పుస్తకంతో పోల్చాను.

వారానికి ఇంజనీరు వచ్చి, నా అభిప్రాయం చదివి, మట్టి కోసం చెయ్యి చాపారు. మేస్త్రీ నా వైపు చూశాడు. నేను తల ఊపాను. అతను కళ్ళు మూసుకున్నంత పని చేసి, గుంత అడుగు నుంచి తీసిన తడి బంకముద్దను ఆయన తెల్లటి అరచేతిలో పెట్టాడు. ఇంజనీరు నలిపారు. మట్టి వేళ్ళను పట్టుకుంది. రెండో చేత్తో వదిలించబోతే రెండో చేతినీ పట్టుకుంది.

"యే కిస్నే ఫ్రయబుల్ లిఖా?" అన్నారు. దీన్ని ఫ్రయబుల్ అని రాసిందెవరని ప్రశ్న.

పుస్తకం ఆయన పక్కనే ఉంది. నేను నేల చూశాను, మేస్త్రీ ఆకాశం చూశాడు.

ఉర్దూ అంతగా రాని అవ్వకు కూడా ప్రశ్న అర్థమైంది. "ఎవలు రాస్తేంది సాబూ, ముందుగాల్ల చేతులు గడుక్కో" అని చెంబు వంచింది. మూడు చెంబుల నీళ్ళు పట్టాయి. మొదటి చెంబు దగ్గర ఆయన ముఖం ముడుచుకుని ఉంది. మూడోదానికి నవ్వుతున్నారు.

చేతులు తుడుచుకుని, తన పాత వాక్యాన్ని తానే కొట్టేసి, కింద రెండే రెండు ఇంగ్లీషు మాటలు రాశారు. టెనేషస్. ప్రొసీడ్.

మొదటిది నాకు తెలియదు; పట్టుకుంటే వదలనిదని తర్వాత తెలిసింది. రెండోది తెలుసు, పని సాగించమని. మేస్త్రీకి అది తెలుగులో చెప్పేలోపే, నా ముఖం చూసి అవ్వ తట్ట ఎత్తుకుంది.