కదలకుండా పట్టుకోవలసిన దివిటీ

ఉదయగిరి బావినీళ్ళకు కందిపప్పు ఉడకదు. ఆ ఊళ్ళో ఉద్యోగం చేసినన్నాళ్ళూ పైవాళ్ళకు చెప్పుకోదగిన కష్టం నాకు ఇదొక్కటే. చెప్పుకున్నాను కూడా. కొండగాలి మంచిదన్నారు. గాలిని అన్నంలో కలుపుకోవడం చేతకాక, నాలుగు రోజులు సెలవు చిక్కితే చాలు, ఆత్మకూరు బండెక్కేవాణ్ణి.

ధాత నామ సంవత్సరపు కరువు వెళ్ళిపోయాక వచ్చిన వానల్లో అలాగే ఒకసారి ఇంటికి వచ్చి ఉన్నాను. రెండేళ్ళు మొహం చాటేసిన వాన ఆ ఏడు వచ్చి, తిరిగి వెళ్ళడం మరిచిపోయింది. పెన్న రెండు గట్లూ ఒరుసుకొని పారుతోంది. కరువు వెనకే వచ్చిన జ్వరాలు ఇల్లిల్లూ పలకరించి పోయాయి. మా నాయన మంచాన పడి లేచి, గోడ పట్టుకొని నడిచే దశ దాటి కర్ర పట్టుకొని నడిచే దశకు వచ్చాడు. దీన్ని మా ఇంట్లో కోలుకోవడం అనేవారు.

ఏటి అవతల, కలువాయి వైపు పల్లెలో మా మేనత్త ఉండేది. నాయనకు అక్క. తల్లి చిన్నప్పుడే పోతే ఆయన్ను చంకనేసుకొని పెంచిన మనిషి. ఒక మధ్యాహ్నం నడుముకు సొరబుర్రలు కట్టుకొని ఏరు ఈదిన వాడొకడు మా ఇంటికి వచ్చి కబురు చెప్పాడు. అత్తకు జ్వరం ముదిరింది, మాట పడిపోతోంది. తమ్ముడికీ జ్వరమని విన్నదట. బతికే ఉన్నాడా, ఉంటే ఒకసారి వచ్చి కనిపించమను అంటోందట. చీకటి పడినా ఫరవాలేదు, అత్త కొడుకు అవతలి రేవులో నెగడు వేసుకొని కూర్చుంటాడు, ఆ మంటను గురి పెట్టుకొని పుట్టిలో రండి అన్నాడు. అని మా అరుగు మీద వాలిపోయాడు. జవాబు మోసుకొని తిరిగి ఈదే ఓపిక వాడిలో లేదు. ఆ విధంగా నాయన బతికున్న సంగతి ఏటికి ఇవతలే ఉండిపోయింది.

పుట్టి అంటే వెదురు తట్టకు తోలు బిగించిన గుండ్రటి పడవ. దానికి ముందూ వెనకా లేవు. అందువల్ల ఎటు పోతున్నదీ దానికి పట్టింపు లేదు. ఆ వరదలో పుట్టి వేసేవాణ్ణి వెతికి, బతిమాలి, రేవుకు తెచ్చేసరికి పొద్దు గూకింది. అవతల నెగడు ఎర్రగా కనిపిస్తూనే ఉంది. మనకు వాళ్ళ మంట కనపడితే చాలదు, మన దీపం కూడా వాళ్ళకు కనపడాలి అన్నాడు పుట్టివాడు. ఏరు మనల్ని ఎంత కిందికి ఈడిస్తే వాళ్ళు కొరివి పట్టుకొని గట్టు వెంట అంత కిందికి రావాలట. ఈ వానలో నెగడు వేయడమే గొప్ప.

మొదట నా లాంతరు తీశాను. మద్రాసులో చదువుకొని నేను తెచ్చుకున్నవాటిలో పనికొచ్చే వస్తువు ఆ కిరసనాయిలు లాంతరు ఒక్కటేనని మా అమ్మ అభిప్రాయం. పుట్టివాడు గట్టు వెంట కొంత దూరం పోయి చూసి వచ్చి, మిణుగురు పురుగే నయమన్నాడు. తర్వాత కుండకు బెజ్జం చేసి లోపల ఆముదం దీపం పెట్టాం. గాలికి ఆరలేదు గాని, వెలుతురు ఒక పక్కకే వస్తుంది. పుట్టి తిరుగుతూ పోయే వస్తువు. కుండ తీసి పక్కన పెట్టాం.

ఇక మిగిలింది దివిటీ. దాన్ని వెలిగించడానికి ఎవరికీ చెయ్యి రాలేదు.

కారణం ఉంది. వరదలో ఏరు దాటలేనప్పుడు మా వైపు చావు కబురు దివిటీతోనే అవతలికి పోయేది. రేవులో నిలబడి దివిటీని పైకెత్తి దించుతారు, మళ్ళీ ఎత్తి దించుతారు. చూసినవాళ్ళు తమ దగ్గరి మంట ఆర్పేసి, తలకు నీళ్ళు పోసుకొని ఇంటికి పోతారు. టపా కంటే ముందు అందే కబురు. చదువు రానివాళ్ళకు కూడా అర్థమవుతుంది.

చివరికి పుట్టివాడే అన్నాడు. “ఎత్తి దించితే గదయ్యా చావు. కదలకుండా పట్టుకుంటే వట్టి ఎలుతురే.”

న్యాయంగానే తోచింది. అంతకంటే మంచి న్యాయం ఆ గట్టు మీద ఎవరి దగ్గరా లేదు. నేను పట్టుకుంటానన్నాను. నాయన నా వైపు చూసి, “నీ చేతులకు కుదురు లేదురా, ఇట్లా తే” అన్నాడు. జ్వరంతో నెల పైగా వణికిన చేతులు ఆయనవి. కాని ఆమె ఆయన అక్క. ఇచ్చేశాను.

పుట్టి ఎక్కాం. గట్టు దగ్గరి లోతులేని నీళ్ళలో దివిటీ గుళ్ళో దీపంలా నిలిచింది. నడిమి ఏటికి వచ్చాం. నాయన చేతిలో దివిటీ కదలలేదు. కదిలింది ఏరు. పుట్టి ఒక అల మీద లేచి దిగింది. మళ్ళీ లేచి దిగింది. నేను రెండు చేతులతో నాయన మణికట్టు గట్టిగా పట్టుకున్నాను. దాంతో ఇద్దరం కలిసి లేచి దిగాం.

అవతల నెగడు రెండుగా చీలినట్టయింది. ఎవరో నీళ్ళు పోస్తున్నారు. చూస్తుండగానే ఎరుపు పోయింది.

“ఆర్పేసినారయ్యా,” అని పుట్టివాడు తెడ్డు ఆపాడు.

నాయన అవతలికి కేకేశాడు. “నేను బతికే ఉండానురా.” జ్వరం మిగిల్చిన గొంతు. ఏరు ఒక్క ముక్క కూడా దాటనివ్వలేదు. చదువుకున్నవాణ్ణి గనక నేను కూడా అదే మాట ఇంకొంచెం గట్టిగా అరిచాను. మా నాయన బతికే ఉన్నాడని పెన్నకు చెప్పి ఏం లాభం. దివిటీ ఆర్పేద్దాం నాయనా అన్నాను. ఆర్పాలంటే దించాలి. దించనన్నాడు. ఆముదం అయిపోయేదాకా అట్లాగే పట్టుకొని ఉన్నాడు.

గురి లేకుండా ఈ వరదలో తాను పోనని పుట్టివాడు వెనక్కు తిప్పాడు. తిప్పడమంటే అతను తెడ్డు వేశాడు, మిగతాది ఏరు చూసుకుంది. చాలా దిగువన, మా గట్టుకే, రెల్లులో చిక్కుకున్నాం. తెల్లవారేదాకా అక్కడే ఉన్నాం. నెగడు ఆర్పినంత మాత్రాన వాళ్ళు ఇంట్లో అక్కకు చెప్పి ఉంటారంటావా అని నాయన ఒకసారి అడిగాడు. చెప్పరన్నాను. నాకు తెలిసి కాదు.

వెలుగు రాగానే దాటాం. పగలు అదే ఏరు అంత కష్టమేమీ పెట్టలేదు. అవతలి రేవులో తడిసిన బొగ్గులు, పక్కన మేనత్త కొడుకు నిలబడి ఉన్నాడు. తల తడిగా ఉంది. నాయన పుట్టిలోంచి దిగడం చూసి రెండడుగులు వెనక్కు వేశాడు. తర్వాత దగ్గరికి వచ్చి, నాయనను కాళ్ళ నుంచి పైకి ఒకసారి చూశాడు.

“అక్క ఎట్లుండాది రా,” అని నాయన అడిగాడు.

“దివిటీ కనపడిందా అని అడిగినాది. కనపడిందని చెప్పినాను. నువ్వు పోయినావనుకోని పోయింది మామా.”